అబండెంట్‌లో ఒక అల ఉంది

సమృద్ధిని చెప్పడానికి ఇంగ్లీషులో విశేషణాలకు కొదవ లేదు. ప్లెంటిఫుల్, యాంపుల్, కోపియస్, అబండెంట్ వంటివి చాలానే ఉన్నాయి. నిఘంటువు తెరిస్తే అన్నింటికీ ఇంచుమించు ఒకే అర్థం కనిపిస్తుంది: పుష్కలమైన, విస్తారమైన. పుట్టుక దగ్గరికి వెళ్తే మాత్రం దేని దారి దానిదే. ప్లెంటిఫుల్‌కు మూలం నిండుదనాన్ని చెప్పే లాటిన్ మాట ప్లేనుస్. అది మన ‘పూర్ణం’కు దగ్గరి చుట్టం. యాంపుల్ విశాలతను చెబుతుంది. కోపియస్‌కు తల్లి కోపియా, అంటే సంపద, నిల్వ. కాపీ అన్న మాట కూడా అందులోంచే వచ్చింది.

అబండెంట్ వీటన్నింటికన్నా ఒక అడుగు ముందుంటుంది. లాటిన్‌లో ‘ఉంద’ అంటే అల, ‘అబ్’ అంటే నుంచి. రెండూ కలిసిన అబుందారె క్రియకు పొంగి పొర్లడం అని అర్థం. ప్లెంటిఫుల్ పాత్రను అంచు దాకా నింపితే, అబండెంట్ అంచు దాటిస్తుంది.

ఈ ‘ఉంద’ మనకు పరాయిది కాదు. పాణిని సంప్రదాయపు ధాతుపాఠంలో ‘ఉంద్’ అనే ధాతువు ఉంది, దానికి తడవడం అని అర్థం. ఉదకం ఆ కుటుంబంలోదే, సముద్రంలోని ‘ఉద్ర’ కూడా అక్కడిదే. సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు ఒకే ఆదిభాష నుంచి చీలిన శాఖలు కాబట్టి ఇంగ్లీషు వాటర్‌కూ ఇదే మూలం. సంధ్యావందనంలో ఉదకం అనే మాట పలికేవారు, కాలేజీ పాఠంలో అబండెంట్ అని చదివే విద్యార్థి ఒకే నీటిబొట్టును తలుస్తున్నారన్నమాట. భాషాశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతులు ఇలాంటివే.

లాటిన్ అల ఇంగ్లీషులో మరికొన్ని చోట్లకూ పాకింది. వరదలా ముంచెత్తడం ఇనండేట్. అవసరాన్ని మించి పొర్లి అనవసరమైపోయినది రిడండెంట్. బ్రిటన్‌లో ఉద్యోగం నుంచి తొలగించిన మనిషిని కూడా ఈ మాటతోనే చెబుతారు. పొంగిపొర్లడం ఒక మాటలో మెప్పు అయితే, ఇంకో మాటలో నిర్దాక్షిణ్యమైన తీర్పు అయింది. చుట్టుముట్టడం అనే అర్థంలో వాడే సరౌండ్ కూడా మొదట వరద మాటే. వినడానికి రౌండ్‌లా ఉండటంతో దాని అర్థం గుండ్రంగా తిరిగిపోయింది.

అబండెంట్ పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో దీన్ని ముందు ‘హెచ్’ అక్షరం పెట్టి హబండెంట్ అని కూడా రాసేవారు. కలిగి ఉండటాన్ని చెప్పే లాటిన్ క్రియ హబేరె నుంచి పుట్టిందని పొరబడటమే అందుకు కారణం. సమృద్ధి అంటే ఎక్కువ కలిగి ఉండటమే కదా అనుకున్నారు. తర్వాత హెచ్ పోయింది, అల మిగిలింది.

వాడుకలోనూ ఆ ప్రవాహ లక్షణం కొంత నిలిచింది. వాన, సాక్ష్యం, శక్తి, వన్యప్రాణులు, ఖనిజాలు వంటి వాటి పక్కన అబండెంట్ చక్కగా ఒదుగుతుంది. జేబులో ఉన్న పెన్నుల గురించి అలా అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కడ ప్లెంటీ చాలు. ఒక ప్రాంతంలో ఏది విస్తారంగా ఉందో చెప్పాలంటే అబండెంట్ తర్వాత ‘ఇన్’ వస్తుంది. క్రియావిశేషణమైన అబండెంట్లీ అన్నిటికన్నా ఎక్కువగా క్లియర్ పక్కన కనిపిస్తుంది.

గణితం ఈ మాటను దాని అసలు అర్థంలోనే తీసుకుంది. 12ను తీసుకోండి. దాన్ని నిశ్శేషంగా భాగించే, దానికన్నా చిన్నవైన సంఖ్యలు 1, 2, 3, 4, 6. వీటి మొత్తం 16, అంటే 12 అంచు దాటి 4 పొర్లింది. ఇలాంటివి అబండెంట్ సంఖ్యలు, వాటిలో మొదటిది 12. ఈ వర్గీకరణ సుమారు 1,900 ఏళ్ల కిందటి గ్రీకు గణితజ్ఞుడు నికోమాకస్ రచనలోనే ఉంది. 18, 20, 24, 30 ఇలా వరసగా అన్నీ సరిసంఖ్యలే వస్తాయి. మొదటి బేసి సంఖ్య కోసం 945 దాకా ఆగాలి.

ఖగోళశాస్త్రంలో మాత్రం మాట స్వభావమే మారింది. అక్కడ అబండెన్స్ అంటే ఒక మూలకం మిగతావాటితో పోలిస్తే ఎంత ఉందో చెప్పే కొలత. అత్యల్పంగా ఉన్నదానికీ అబండెన్స్ ఉంటుంది. ప్రకృతిలో దొరికే యురేనియంలో యురేనియం-235 అనే రకం పరమాణువుల అబండెన్స్ సుమారు 0.72 శాతమే.

ఈ కొలత ఎంత కష్టపడి చేతికొచ్చిందో ఖగోళవేత్త సిసీలియా పేన్ కథ చెబుతుంది. సూర్యకాంతిని వర్ణపటంగా విడదీస్తే నల్లటి గీతలు వేలకొద్దీ కనిపిస్తాయి. ఒక్కో మూలకానికీ తనవైన గీతలు ఉంటాయి, వాటిలో ఇనుమువి ఎన్నో. అందుకే సూర్యుడిలోని మూలకాల పాళ్లు భూమిలోలాగే ఉంటాయని అప్పటి శాస్త్రవేత్తలు నమ్మేవారు. గీత ఎంత గాఢంగా ఉందన్నది పదార్థం మొత్తం మీదే కాక ఉష్ణోగ్రత మీదా ఆధారపడుతుందని తేల్చే సమీకరణాన్ని కలకత్తా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మేఘనాథ్ సాహా 1920లో ప్రకటించారు. పేన్ దాన్ని నక్షత్రాల వర్ణపటాలకు వర్తింపజేసి, అన్నిటికన్నా అత్యధికంగా ఉన్నది హైడ్రోజనేనని 1925 నాటి తన సిద్ధాంత గ్రంథంలో లెక్క తేల్చారు. ఆనాటి ప్రముఖ ఖగోళవేత్త హెన్రీ నోరిస్ రస్సెల్ అది అసంభవమన్నారు. దాంతో ఆమె తన ఫలితం దాదాపు ఖాయంగా నిజం కాదని గ్రంథంలోనే రాయాల్సి వచ్చింది. 1929లో రస్సెల్ వేరే దారిలో అదే నిర్ణయానికి వచ్చారు. పాతికేళ్లు నిండకముందే అంత గొప్ప సత్యాన్ని పట్టుకున్న యువతి చేత దాన్ని అనుమానించేలా రాయించడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. సూర్యుడి ఉపరితలంలో లక్ష హైడ్రోజన్ పరమాణువులు ఉంటే ఇనుము పరమాణువులు ఇంచుమించు మూడు.

ఈ అబండెన్స్‌ను తెలుగులో ఏమనాలి? సమృద్ధి అంటే, 0.72 శాతం సమృద్ధి ఏమిటని చదివేవారు తికమకపడతారు. లభ్యత అనడం ఇంకా పొరపాటు. భూమి పైపొర బరువులో సుమారు 8 శాతం అల్యూమినియమే, అక్కడ అంతకన్నా ఎక్కువగా ఉన్న లోహం లేదు. అయినా ఆక్సిజన్‌తో గట్టిగా పెనవేసుకుని ఉండటంతో 19వ శతాబ్దంలో చాలాకాలం అది విలువైన లోహంగానే చలామణి అయింది. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభానికి శిఖరంగా దాన్ని ఎంచుకున్నారు. విద్యుత్తుతో చవకగా వేరుచేసే పద్ధతిని అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ విడివిడిగా కనిపెట్టింది 1886లో. ఉండటం వేరు, చేతికి అందడం వేరు. కాబట్టి కవిత్వంలో, కబుర్లలో అబండెంట్‌ను సమృద్ధి అనే అందాం. విజ్ఞాన పాఠంలో మూలకాల సంగతి వచ్చినప్పుడు మాత్రం ‘పాలు’ అనో ‘వాటా’ అనో రాస్తే పిల్లలకు సూటిగా అర్థమవుతుంది.