బీపీ, దగ్గు, సెలైన్: హన్మకొండ క్లినిక్‌లో రోజూ వినే అపోహలు

ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి చాలామంది తీర్పు సిద్ధం చేసుకునే వస్తారు. "బీపీ పోయింది సార్, గోలీలు ఆపేశాను." "దగ్గు ముదిరింది, గట్టి మందు రాయండి." వాళ్ల ఆధారం ఒంట్లో ఎలా అనిపిస్తోందన్నదే. చాలా జబ్బులకు అది మంచి కొలతే. కింది వాటికి మాత్రం కాదు.

అపోహ: తలనొప్పి, కళ్లు తిరగడం లేకపోతే బీపీ లేనట్టే.

వాస్తవం: బీపీ ఉన్న చాలామందికి ఏ బాధా తెలియదు. మోకాళ్ల నొప్పికని పరకాల నుంచి వచ్చినవారికి 180 కనబడితే ముందు మా మిషన్‌ని అనుమానిస్తారు. ఇక మాత్ర వేసుకుంటుండగా 130 వచ్చిందంటే అది మాత్ర చేసిన పని. ఆపితే మళ్లీ పెరుగుతుంది.

పరగడుపున రక్తపరీక్ష అన్నామని బీపీ మాత్ర కూడా మానేసి వస్తుంటారు. మంచినీళ్లతో దాన్ని వేసుకోవచ్చు. రక్తం ఇచ్చేదాకా ఆగి, తిండి వేళకు వేసుకోవలసింది షుగర్ మాత్ర.

కొలిచే తీరులోనూ తప్పులున్నాయి. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2024లో తేల్చినదాని ప్రకారం, చేతిని గుండె ఎత్తులో బల్లపై ఆనించినప్పటికన్నా ఒళ్లో పెట్టుకుంటే పై అంకె సగటున 4, పక్కకు వేలాడేస్తే 6.5 ఎక్కువ చూపుతుంది. మన దగ్గరేమో మెట్లెక్కి ఆయాసంతో వచ్చినవారికి చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, కోడలి కాన్పు కబుర్లు అడుగుతూ కొలిచేస్తాం. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోవాలి. కొలుస్తున్నప్పుడు మాట్లాడకూడదు, మేము కూడా మాట్లాడించకూడదు.

బీపీ మాత్ర పొద్దునా, రాత్రా? బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న టైమ్ అధ్యయనం 2022లో వెలువడింది. గుండెపోటు, పక్షవాతాల విషయంలో రెండు వేళలకూ తేడా కనబడలేదు. మీరు మరిచిపోని వేళే మంచి వేళ.

అపోహ: వారం దాటినా దగ్గు తగ్గలేదంటే యాంటీబయాటిక్ పడాల్సిందే.

వాస్తవం: జలుబుతో వచ్చే దగ్గు వారం, తొమ్మిది రోజుల్లో పోతుందని జనం అనుకుంటారు. అసలు సగటు దాదాపు 18 రోజులని 2013లో అమెరికా పరిశోధకులు లెక్కకట్టారు. ఎనిమిదో రోజున మెడికల్ షాపులో కొన్న మాత్రలతో పన్నెండో రోజుకు దగ్గు తగ్గితే పేరు మాత్రలకు వస్తుంది. కాకి వాలగానే తాటికాయ పడటమంటే ఇదే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి పోటెత్తే రోజుల్లో హమాలీలకు వచ్చే దగ్గుకైతే కారణం ఘాటు. దానికి యాంటీబయాటిక్ ఏం చేస్తుంది?

అయితే రెండు వారాలు దాటితే ఊరుకోమనడం లేదు. అప్పుడు టీబీ ఉందేమో చూసే తెమడ పరీక్ష చేయించుకోవాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. దగ్గులో రక్తం, ఆయాసం, బరువు తగ్గడం ఉంటే అంతకాలం కూడా ఆగవద్దు. లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు సొంతంగా వాడితే టీబీని కొన్నాళ్లు అణచిపెట్టి, బయటపడటాన్ని ఆలస్యం చేస్తాయి. నాకు అసలు కోపం వచ్చేది ఇక్కడే.

అపోహ: నీరసానికి సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది.

వాస్తవం: అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. ఆ శక్తి రెండు ఇడ్లీలతోనూ వస్తుంది. మామూలు సెలైన్ అయితే అందులో బలం సున్నా, ఉప్పు 4.5 గ్రాములు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, బీపీ మనిషికి మనం నరంలోకే పోస్తున్నాం! వాంతులై నోటి ద్వారా ఏదీ నిలవనప్పుడు అది ప్రాణం కాపాడుతుంది, కాదనను. ఊరికే నీరసమంటే రక్తహీనత, థైరాయిడ్, షుగర్ చూడాలి.

అపోహ: వయసు మీద పడ్డాక రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే గుండెపోటు రాదు.

వాస్తవం: గుండెజబ్బు లేని 19 వేల మంది వృద్ధులపై ఆస్ట్రేలియా, అమెరికాల్లో జరిగిన ఆస్ప్రీ అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. చెప్పుకోదగ్గ మేలు లేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. స్టెంట్ పడినవారు, ఇదివరకే గుండెపోటు వచ్చినవారు మాత్రం ఇది చదివి ఆపేయకండి. వారి లెక్క వేరు, వారికి అది కావాలి.