అపోహలు - వాస్తవాలు: రెండు టన్నుల బెల్టులు రెండు కడితే నాలుగు టన్నులు లేస్తాయా?

రిగ్గింగ్ పనిలోకి, అంటే బరువులను బెల్టులతో కట్టి క్రేన్‌తో లేపే పనిలోకి, కొత్తగా వచ్చిన పిల్లలే కాదు, కొందరు సూపర్‌వైజర్లు కూడా ఇదే మాట అంటారు: "అన్నా, ఆకుపచ్చ బెల్టు రెండు టన్నులది. రెండు కడితే నాలుగు కదా?" రామగుండంలో ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పనులకు పోయినా, మడికొండ షెడ్లకు పోయినా ఇదే లెక్క. ప్రాణాలు తీసే లెక్క ఇది. అందుకే ముందు దీని సంగతి చెప్తాను.

బెల్టు మీద రాసిన బరువు దాన్ని నిలువుగా వేలాడదీసినప్పటిది. రెండు బెల్టులు (మా భాషలో కాళ్లు) వాలుగా వచ్చి హుక్కు దగ్గర కలిసినప్పుడు, ఆ వాలు పెరిగే కొద్దీ ఒక్కో కాలి మీద లాగుడు పెరుగుతుంది. మూడు టన్నుల గేర్‌బాక్స్ అనుకోండి. బెల్టు నేలతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలి మీద 1.73 టన్నులు పడుతుంది, ఆకుపచ్చ బెల్టు తట్టుకుంటుంది. 45 డిగ్రీలకు దిగితే 2.12, అంటే పరిమితి దాటినట్టే. 30 డిగ్రీల దగ్గర ఒక్కో కాలూ మూడేసి టన్నులు మోయాలి. గేర్‌బాక్స్ మాత్రం అదే. నమ్మకం కుదరకపోతే నిండు బకెట్టును ఇద్దరు పట్టుకుని మెల్లగా దూరం జరగండి, చేతులకే తెలుస్తుంది.

కోణం కొలవడానికి పరికరం కూడా అక్కర్లేదు. లోడు మీద రెండు కట్ల మధ్య ఎంత దూరం ఉందో, హుక్కు నుంచి కట్టు దాకా బెల్టు కనీసం అంత పొడుగుండాలి. మూడు వైపులూ సమానమైతే 60 డిగ్రీలు వచ్చినట్టే. నాకిది నేర్పింది గోదావరిఖని వైపు పనిచేసిన ఒక పెద్ద మేస్త్రి. ఒకసారి పంపు మోటారు లేపే ముందు టేపు పెట్టి చూసి, బెల్టులు పొట్టిగా ఉన్నాయని పని ఆపించాడు. హైడ్రా (లోడు లేపే చిన్న క్రేన్) కిరాయి దండగవుతోందని కాంట్రాక్టర్ మనిషి ఎంత అరిచినా, పొడుగు బెల్టులు వచ్చేదాకా హుక్కు కదలనివ్వలేదు. అట్లాంటి మనిషి మీ సైటులో ఉంటే ఆయన పక్కనే తిరగండి. లోడు ఆరంగుళాలు లేపి ఆపుతాడు చూడండి, అప్పుడు ఆయన కళ్లు ఎటు పోతున్నాయో గమనించండి.

"బెల్టుకు ఏడింతల సేఫ్టీ ఉంటది, కొంచెం ఎక్కువైతే ఏం కాదు" అనే మాట విన్నా నాకు కోపం వస్తుంది. రాసిన బరువుకు ఏడింతల దాకా తెగదనే ఆ లెక్క కొత్త బెల్టుకు. పదునైన అంచు, ఎండ, ఒక్కసారి పడే కుదుపు దాన్ని తినేస్తాయి. పైగా ఉరి వేసినట్టు చోకర్ కడితే రాసిన బరువులో నూటికి ఎనభై వంతులే లెక్క.

"చూపుతోనే బరువు చెప్తా" అనేవాళ్లతో జాగ్రత్త. కరీంనగర్ గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు. పొడుగు రెండు మీటర్లు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర చొప్పున ఉన్న దిమ్మె పన్నెండు టన్నులు దాటుతుంది. "పద్నాలుగు టన్నుల హైడ్రా ఉందిగా" అంటారు. బూమ్, అంటే క్రేన్ చెయ్యి, చాపితే ఆ పద్నాలుగు ఉండదు, ఎంత చాపితే ఎంత లేస్తుందో చెప్పే లోడ్ చార్టు చూడాలి.

లోడును చేత్తో పట్టుకుని తిప్పొద్దు, తాడు కట్టండి.

కొత్త పిల్లల టెన్షన్ నాకు తెలుసు. అడిగితే పిరికివాడంటారని నోరు మూసుకుంటారు. అడగండి తమ్ముడూ. సిగ్నల్ ఇచ్చేది ఒక్కడే కావచ్చు, కానీ "ఆపు" అని ఎవరు చెయ్యెత్తినా ఆపరేటర్ ఆపాల్సిందే. నిన్న చేరిన హెల్పర్‌కూ ఆ హక్కుంది.