బిల్లు కొట్టడానికి ప్లస్ త్రీ: సరిహద్దు జిల్లాల్లో ఒక అర్హత చరిత్ర

బరంపురం పెద్దబజారులో ఒక బట్టల దుకాణం అద్దానికి దసరా ముందు అంటించిన కాగితం మీద, పైన ఒడియాలోనూ కింద తెలుగులోనూ ఒకే ప్రకటన ఉంది. బిల్లింగ్ కౌంటరుకు మనుషులు కావాలి, ప్లస్ త్రీ పాసై ఉండాలి, నెలకు 9,000 రూపాయలు. ఒడిశాలో ప్లస్ త్రీ అంటే డిగ్రీ. ఆ కౌంటరులో చేయవలసిందల్లా చీరకు కట్టిన చీటీని యంత్రానికి చూపించి, తెర మీద పడిన మొత్తం చెప్పి డబ్బు తీసుకోవడం, రాత్రి కొట్టు కట్టేముందు గల్లాపెట్టె లెక్క అప్పగించడం. ఆ లెక్క చూసుకునే పెద్ద గుమాస్తా మెట్రిక్‌తో చదువు ఆపిన తెలుగాయన. కొత్తగా చేరిన పట్టభద్రులకు పని నేర్పేది ఆయనే. నాలుగు రోజుల్లో వచ్చేస్తుందని ఆయనే అన్నారు. మెట్రిక్ చదివిన మనిషి నాలుగు రోజుల్లో నేర్పే పనికి డిగ్రీ ఎందుకు అడుగుతున్నారో తెలియాలంటే, ఆ పనికోసం నిలబడిన వరుస ఎలా పెరిగిందో చూడాలి.

చదువుకూ చిన్న కొలువుకూ కంపెనీ పాలనలోనే ముడిపడింది. ఇంగ్లీషు చదివినవారికి ప్రభుత్వోద్యోగాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని 1844 అక్టోబరులో తీర్మానించిన గవర్నర్ జనరల్ హార్డింజ్, అతి చిన్న ఉద్యోగానికి సైతం చదవడం, రాయడం వచ్చినవాణ్నే రానివాడికంటే ముందు తీసుకోవాలన్నాడు. అప్పటికి అడిగింది అక్షరజ్ఞానమే. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత మెట్రిక్యులేషన్ కొలబద్ద అయింది. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కనుక ఇక్కడి తెలుగు, ఒడియా కుటుంబాల పిల్లలందరూ రాసింది ఆ పరీక్షే. బరంపురంలో 1878లో, పర్లాకిమిడిలో 1896లో కళాశాలలు వచ్చాయి.

పర్లాకిమిడి పేరెత్తగానే గుర్తుకొచ్చే గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యోగ జీవితమే ఈ విషయానికి మంచి సాక్ష్యం. 1879లో మెట్రిక్యులేషన్ పాసైన ఆయన మరుసటి ఏడాది నెలకు 30 రూపాయల జీతంతో రాజావారి పాఠశాలలో అధ్యాపకుడిగా చేరారు. కొలువులో ఉంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. (నేటి ఇంటర్ స్థాయి), 1896లో బి.ఏ. పూర్తిచేశారు. ఆ పాఠశాల కళాశాల అయినప్పుడు పై తరగతులకు బోధించే అర్హత ఆయనకు ఆ పట్టాతో వచ్చింది. ముందు పని, పనిలో నిలదొక్కుకున్నాక పట్టా, పట్టాతో పాటు పెద్ద బాధ్యత: అప్పటి వరుస అది. సవర భాషను ఏ పట్టా అడగకుండానే నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చిన పండితుడు ఈనాడు మెట్రిక్ కాగితంతో వస్తే, పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు బడి గుమాస్తా పని కూడా దొరకదు. ఈ మాట నేను బాధతోనే రాస్తున్నాను.

స్వాతంత్ర్యం తరువాత వరుసకు ఒక క్రమం ఉండేది. ఖాళీలను ఉపాధి కల్పన కార్యాలయాలకు తెలియజేయడాన్ని 1959 నాటి చట్టం తప్పనిసరి చేసింది. అక్కడ పేరు నమోదు చేసుకున్నవారిని కార్యాలయం పిలిచేది, కొలువుకు పది మందో ఇరవై మందో వచ్చేవారు. కృష్ణా జిల్లాకు చెందిన ఒక వ్యాజ్యంలో, ఆ జాబితాతో సరిపెట్టకుండా పత్రికల్లోనూ ప్రకటించి అందరికీ అవకాశమివ్వాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది న్యాయమైన తీర్పే. అయితే తలుపు తెరిచిన తరువాత లోపలికి వచ్చే జనాన్ని వడకట్టే సాధనం కావలసివచ్చింది. పరీక్ష పెట్టడానికి ఖర్చవుతుంది, ఇంటర్వ్యూకు సమయం పడుతుంది. ప్రకటనలో ‘డిగ్రీ’ అని ఒక మాట చేర్చడానికి రూపాయి ఖర్చు లేదు. ఆ ఖర్చంతా మూడేళ్ల ఫీజుగా, హాస్టలు బిల్లుగా, సంపాదన లేని కాలంగా అభ్యర్థి ఇంటి మీద పడుతుంది.

వరుస ఎంత పొడవుందో చెప్పడానికి 2015 నాటి ఉత్తరప్రదేశ్ చాలు. అయిదో తరగతి అర్హతగా ప్రకటించిన 368 ప్యూను కొలువులకు అక్కడ 23 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వారిలో 255 మంది పీహెచ్‌డీలు. బ్యాంకు గుమాస్తా ఉద్యోగానికి 2011 ప్రాంతంలో కూడా ఇంటర్ మార్కులతో దరఖాస్తు చేసుకోగలిగేవారు. ఆ తరువాత కొద్ది ఏళ్లకే డిగ్రీ తప్పనిసరి అయింది. దీనికి అవతలి కొస ఒడిశా నుంచి వెళ్లిన ఒక కేసులో కనిపిస్తుంది. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు ప్యూను కొలువుకు ప్లస్ టూ చదివి ఉండాలనీ, డిగ్రీ ఉండకూడదనీ షరతు పెట్టింది. ఒకతను తన డిగ్రీ సంగతి దాచి ఎంపికయ్యాడు. ఒడిశా హైకోర్టు అతని పక్షాన నిలిచినా, 2020 నవంబరులో సుప్రీంకోర్టు బ్యాంకు వాదననే సమర్థించింది. ఒక కౌంటరులో డిగ్రీ లేదని తిప్పి పంపుతారు, పక్క గదిలో డిగ్రీ ఉందని తీసేస్తారు. రెండు చోట్లా పట్టా పనితనాన్ని కొలవడం లేదు, మనుషుల సంఖ్యను తగ్గిస్తోంది.

ఈ జబ్బు మనది మాత్రమే కాదు. అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 2017లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఉత్పత్తి విభాగపు సూపర్‌వైజర్ల కోసం వచ్చిన ప్రకటనల్లో 67 శాతం డిగ్రీ అడిగాయి, అప్పటికే ఆ పని చేస్తున్నవారిలో డిగ్రీ ఉన్నది 16 శాతానికే. 2022లో మేరీల్యాండ్ రాష్ట్రం వేలాది ప్రభుత్వోద్యోగాలకు ఆ షరతు ఎత్తేసింది.

అడిగిన చదువుకు తగిన జీతం వస్తే ఇంత వ్యథ ఉండేది కాదు. ఒడిశా కనీస వేతనాలు నైపుణ్యాన్నిబట్టి నాలుగు తరగతులుగా ఉంటాయి. పట్టభద్రుడన్న తరగతి వాటిలో లేదు. కాబట్టి యజమాని డిగ్రీ అడిగినంత మాత్రాన ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వనక్కరలేదు. ప్రభుత్వం కూడా 2013 నుంచి గ్రూప్-సి, గ్రూప్-డి కొలువుల్లో కొత్తవారిని ఆరేళ్లపాటు కాంట్రాక్టు మీద, స్థిర మొత్తానికే పనిచేయించింది. 2022 అక్టోబరులో ఆ పద్ధతి రద్దయి 57,000 మందికి పైగా క్రమబద్ధమయ్యే వరకు చిన్న దుకాణదారుడికి కనబడిన నమూనా అదే.

తెలుగు కుటుంబాలకు దీనితోపాటు మరో రెండు గడపలున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ అటువైపు వెళ్లాయి. ఒడిశా ప్రభుత్వోద్యోగానికి ఏడో తరగతి స్థాయి ఒడియా, ఇక్కడివారి మాటలో ‘ఎం.ఇ. ఒడియా’, పాసై ఉండాలి. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో, ఎక్కడ చదివారన్నదాన్నిబట్టి స్థానికులెవరో తేల్చే పద్ధతి వచ్చింది. గుమాస్తా స్థాయి కొలువుల్లో 80 శాతం స్థానికులకే పోయాయి. ఒడిశా వైపున్న గుణుపురంలో చదివిన పిల్లకు శ్రీకాకుళంలో స్థానికత లేదు. అందుకే ఆమె చివరికి పట్టా పట్టుకుని విశాఖ రైలెక్కుతుంది. అక్కడి దుకాణం, కొరియర్ ఆఫీసు, కాల్ సెంటరు కూడా ‘ఎనీ డిగ్రీ’ అనే అడుగుతాయి. బి.ఏ. ఒడియా సాహిత్యమైనా, బి.ఎస్సీ. వృక్షశాస్త్రమైనా ఒకటేనన్న ఆ ‘ఎనీ’లోనే ఆ చదువుతో వారికి పని లేదన్న ఒప్పుకోలు ఉంది.

2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల డిగ్రీని ముందుకు తెచ్చింది. మూడేళ్లకు బయటికి రావడానికీ వీలుంది. పెద్దబజారు గుమాస్తా గారి మనవరాలు ఈ ఏడాది ప్లస్ టూ రాసింది. నాలుగో ఏడాది కూడా చదివించకపోతే రేపు ఈ కౌంటరులోనైనా తీసుకుంటారా అని ఆయన నన్ను అడిగారు.