డప్పుకు సెగ ఎందుకు?

నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాల. వేప చెట్టు కింద నాలుగు ఎండు పుల్లలు, గుప్పెడు వరిగడ్డి వేసి మంట రాజేశారు. డప్పు వాయించే పెద్దాయన ఒకరు తన డప్పును ఆ మంటకు దగ్గరగా పట్టి, గుండ్రంగా తిప్పుతూ, మధ్యమధ్య వేళ్లతో తట్టి చూస్తున్నారు. చుట్టూ మూగిన పిల్లల్లో మూడో తరగతి పాప ఉండబట్టలేక అడిగింది: "తాతా, అది కాలిపోదా?"

"కాలనివ్వను బిడ్డా. సెగ తగలకపోతే దీనికి గొంతు లేవదు" అన్నారాయన.

ఆ రోజు నేను అక్కడికి వెళ్లింది పిల్లలకు ధ్వని గురించి చెప్పడానికే. వెంట తెచ్చుకున్న బొమ్మల అట్టలు సంచిలోనే ఉండిపోయాయి. పాఠం ఆ మంట దగ్గరే మొదలైంది.

డప్పు అంటే గుండ్రటి చెక్క చట్రానికి బిగించిన తోలు. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే మెత్తబడి సాగుతుంది. సాగిన తోలును కొడితే బరువుగా, నెమ్మదిగా ఊగుతుంది. సెగ తగిలినప్పుడు ఆ తేమ పోయి తోలు ముడుచుకోవాలని చూస్తుంది. అంచులు చట్రానికి కట్టి ఉన్నాయి కనుక ముడుచుకునే చోటు లేక బిగుసుకుంటుంది. బిగువు పెరిగిన కొద్దీ సెకనుకు ఎక్కువసార్లు కంపిస్తుంది, స్వరం పైకి లేస్తుంది. పిల్లల చేత కాచక ముందు ఒకసారి, కాచాక ఒకసారి కొట్టించాం. మొదట "దబ్" అన్నది తర్వాత "టంగ్" అంది. పౌనఃపున్యం అనే మాట నేను అప్పటికి ఎత్తనేలేదు. "తోలు బిగిస్తే గొంతు సన్నబడుతుంది" అని ఒక పిల్లవాడు తనే చెప్పాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డప్పు ఏ పాటకైనా ఇమిడిపోతుంది. మృదంగం అలా కాదు, దాన్ని పాడేవారి శ్రుతికి కలపాలి. ఎందుకంటే మామూలు తోలును కొట్టినప్పుడు అసలు స్వరంతో పాటు వెలువడే పై స్వరాలకు దానితో చక్కని లెక్క కుదరదు. దాదాపు 1.59 రెట్లు, 2.14 రెట్లు అంటూ చెదిరి ఉంటాయి. చెవికి అది "ఫలానా స్వరం" అని తోచదు. మృదంగం మధ్యలో ఉండే నల్లటి ముద్ద ఆ చెదురును సరిచేస్తుంది. తోలుకు మధ్యలో బరువు చేరడంతో పై స్వరాలు రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు అనే వరుసలోకి వస్తాయి, తీగ మోగినట్లే మోగుతుంది. దీన్ని శాస్త్రీయంగా గుర్తించి 1920లో ప్రచురించింది సి.వి. రామన్, ఆయన సహచరుడు శివకాళీ కుమార్. నోబెల్ బహుమతి రావడానికి పదేళ్ల ముందే రామన్ మన వాద్యాల ముందు చెవి ఒగ్గి కూర్చున్నారు. పిల్లలకు ఆయన గురించి చెప్పేటప్పుడు కాంతితో పాటు ఈ తోలు సంగతి కూడా చెప్పాలని నా కోరిక.

సెగ డప్పు గొంతును లేపుతుంది సరే, మిగతా వాద్యాలను ఏం చేస్తుంది? మన వైపు ఎండ సంగతి తెలిసిందే కదా. ఇరవై డిగ్రీల వద్ద గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, నలభై డిగ్రీల వద్ద సుమారు 355. అంటే వేణువు లోపలి గాలి వేడెక్కితే దాని స్వరం కూడా పైకి జరుగుతుంది. లోహపు తీగ అలా కాదు, వేడికి సాగి వదులై కిందికి దిగుతుంది. ఒకే వేదిక మీద ఒకే వేడికి వేణువు పైకి, వయొలిన్ కిందికి. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో కచేరీకి ముందు ఓబో అనే సన్నాయి లాంటి వాద్యం ఒక స్వరాన్ని పట్టి ఉంచితే, మిగతా వారందరూ దానికి శ్రుతి కలుపుకుంటారు. ఆ స్వరం ఎక్కువ దేశాల్లో సెకనుకు 440 కంపనాలు. తొంభై మంది ఒకరి స్వరం కోసం మౌనంగా చెవి పెట్టే ఆ అర నిమిషం కచేరీ మొత్తంలో పిల్లలు తప్పక చూడాల్సిన ఘట్టం.

ఆర్కెస్ట్రా అనగానే మన ఊళ్లకు సంబంధం లేనిదన్న భావం కలుగుతుంది. నిజానికి మన పిల్లలు ఆ వాద్యాల్లో కొన్నిటిని పెళ్లి ఊరేగింపుల్లో చూసే ఉన్నారు. బ్యాండు మేళంలో క్లారినెట్ ఉంది, ట్రంపెట్ ఉంది, పెద్ద డ్రమ్ము ఉంది. ట్రంపెట్‌లో మోగేది ముందుగా ఇత్తడి కాదు, వాయించేవారి పెదవులు. పెదవులు బిగించి గాలి వదిలితే అవి అదురుతాయి, ఆ అదురును గొట్టం పట్టి పెంచుతుంది. క్లారినెట్‌లో అదిరేది ఒక సన్నటి రెల్లు బద్ద. ఓబోలో, మన సన్నాయిలో రెండు బద్దలు ఒకదానికొకటి తగులుతూ అదురుతాయి. కొబ్బరి ఆకును చుట్టి, కొసను నొక్కి, బూర చేసి ఊదిన పిల్లవాడు చేసినదీ అదే పని. ఆ ఆకు బూరను తరగతి గదిలోకి రానిస్తే ఊది వాయించే సుషిర వాద్యాల కుటుంబం మొత్తం దాని వెనకాలే వస్తుంది.

తీగల విషయంలో మన ప్రాంతం మరీ అదృష్టవంతురాలు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా. బుర్రవీణ వాయించి 2024లో అదే గౌరవం పొందిన దాసరి కొండప్పది నారాయణపేట జిల్లా దామరగిద్ద. రెండూ ఒకప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఈ రెండు వాద్యాలకూ ప్రాణం సొరకాయ బుర్ర. తీగ ఒక్కటే మోగితే పక్కన కూర్చున్నవారికి కూడా సరిగ్గా వినిపించదు. అది సన్నగా ఉంటుంది కనుక గాలిని పెద్దగా కదిలించలేదు. తీగ అదురు, దాన్ని కట్టిన వెదురు మీదుగా బుర్రకు చేరితే, బుర్ర గోడ, దాని లోపలి గాలి కలిసి కంపించి శబ్దాన్ని బయటికి నెడతాయి. వయొలిన్‌కు చెక్క పెట్టె చేసేదీ ఇదే. ఒక రబ్బరు బ్యాండును వేళ్ల మధ్య లాగి మీటించండి, తర్వాత అదే బ్యాండును ఖాళీ టిఫిన్ డబ్బాకు తొడిగి మీటించండి. తేడా వినగానే పిల్లల ముఖాలు ఎలా మారతాయో చూడాలి!

మళ్లీ ఆర్కెస్ట్రా దగ్గరికి వద్దాం. ఒక పక్క ఇరవై ముప్పై వయొలిన్లు, మరో పక్క పెద్ద పెద్ద తీగ వాద్యాలు, వెనక గొట్టాలు, ఇంకా వెనక డోళ్లు. ఇంతమంది ఉన్నా ముందు ఒక మనిషి ఏమీ వాయించకుండా చేతులు ఊపుతుంటారెందుకు? ఈ ప్రశ్న ప్రతి పిల్లా అడుగుతుంది. జవాబు చెరువు గట్టున ఉంది. అవతలి గట్టున బట్టలు ఉతికేవారి చేయి బండను తాకుతుంది, చప్పుడు కాసేపటికి గాని మనకు చేరదు. వేదిక మీద ఒక కొస నుంచి మరో కొసకు పదిహేడు మీటర్లు ఉంటే, ఆ దూరం దాటడానికి ధ్వనికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. అది తక్కువే అనిపిస్తుంది గాని, అంత తేడాతో రెండు చప్పట్లు పడితే అవి ఒకటి కాదు రెండని చెవి ఇట్టే పట్టేస్తుంది. వెనక ఉన్న డోలు కళాకారుడు ముందున్న వయొలిన్‌ను విని కొడితే ఆలస్యమైపోతాడు. వెలుగుకు ఆ ఆలస్యం లేదు. అందుకే అందరూ ఆ చేతిలోని కర్రను చూస్తారు.

దీన్ని బడి మైదానంలో పరీక్షించాం. పిల్లల్ని దాదాపు వంద మీటర్ల పొడవున వరుసగా నిలబెట్టి, ఒక కొసన స్టీలు పళ్లెం మోగించాం. మొదటిసారి కళ్లు మూసుకుని, చప్పుడు వినగానే చప్పట్లు కొట్టమన్నాం. చప్పట్లు వరుస వెంట వానలా జారిపోయాయి. రెండోసారి కొట్టే చేతిని చూస్తూ కొట్టమన్నాం. ఈసారి చప్పట్లు చాలావరకు ఒక్కసారిగా పడ్డాయి. అప్పుడు ఒక అమ్మాయి అంది: "బతుకమ్మ ఆడేటప్పుడు కూడా పక్కనున్న అక్క చేతులే చూస్తాం సార్." పాతిక మీటర్ల వెడల్పున్న బతుకమ్మ వలయంలో ఎదుటివారి చప్పట్లు సుమారు 0.07 సెకను ఆలస్యంగా చేరతాయి. చెవిని కాక కంటిని నమ్మాలని ఆ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.

"సంగీతం వింటే పిల్లలకు లెక్కలు బాగా వస్తాయట కదా" అని తల్లిదండ్రులు నన్ను తరచూ అడుగుతారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 1993లో అమెరికాలో 36 మంది కళాశాల విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం వినిపించి చేసిన పరీక్ష అది. ఆకారాలను మనసులో మడిచి విప్పే ఒక రకం లెక్కలో కొద్దిపాటి మెరుగు కనిపించింది, అదీ కొన్ని నిమిషాల పాటే. వాళ్లు చిన్నపిల్లలూ కారు, పరీక్ష మొత్తం తెలివితేటల మీదా కాదు. తర్వాత 2004లో కెనడాలో 144 మంది ఆరేళ్ల పిల్లలతో మరింత జాగ్రత్తగా చేసిన అధ్యయనంలో, ఏడాది పాటు సంగీతం నేర్చుకున్నవారి తెలివి కొలతలో చిన్న పెరుగుదల కనిపించింది. ఇలాంటి అధ్యయనాలను కలిపి 2020లో లెక్కవేసిన పరిశోధకులు, పద్ధతి ఎంత పకడ్బందీగా ఉంటే ఈ లాభం అంత కరిగిపోతోందని తేల్చారు. కాబట్టి లెక్కల మార్కుల కోసం సంగీతం అని నేను ఎవరికీ చెప్పను. అలా చెప్పి బడిలో సంగీతానికి చోటు సంపాదిస్తే, మార్కులు పెరగని మరుసటి ఏడాదే ఆ చోటు పోతుంది.

నాకు నమ్మకం కలిగించిన అధ్యయనాలు వేరు. పుట్టి రెండు మూడు రోజులైన శిశువుల మెదడు, వారు నిద్రలో ఉండగానే, తాళంలో ఒక ముఖ్యమైన దెబ్బ తప్పితే గుర్తిస్తుందని 2009లో హంగరీ పరిశోధకులు చూపారు. లయ మనకు నేర్పక ముందే ఉంది. రెండోది 2010 నాటిది, జర్మనీలో 96 మంది నాలుగేళ్ల పిల్లలతో చేసినది. ఇద్దరిద్దరుగా కొందరు పిల్లలు ఒకే ఆటను పాడుతూ, వాయిస్తూ ఆడారు. మరికొందరు అదే ఆటను పాట లేకుండా ఆడారు. తర్వాత ఒక బిడ్డ చేతిలోని గోళీలు కింద చెల్లాచెదురయ్యేలా ఏర్పాటు చేశారు. కలిసి పాడి వాయించిన పిల్లలే ఎక్కువగా సాయానికి వంగారు. కలిసి మోగడంలో ఉన్నదేదో పిల్లల్ని ఒకరికొకరిని దగ్గర చేస్తోంది.

అందుకే పిల్లలకు కచేరీ అంటే వరుసల్లో కూర్చోబెట్టి "మాట్లాడకండి" అనడం కాదు. 1936లో మాస్కోలోని బాలల రంగస్థలం కోసం రష్యా స్వరకర్త ప్రొకొఫియెవ్ రాసిన సంగీత కథలో పిట్టకు ఫ్లూటు, బాతుకు ఓబో, తోడేలుకు మూడు హార్న్‌లు ఇచ్చాడు. పిల్లలు వాద్యాన్ని పేరుతో కాక ప్రాణితో గుర్తుపెట్టుకుంటారని ఆయనకు తెలుసు. మన కథకూ అలా వాద్యాలు పంచవచ్చు. చెరువు కట్ట మీద కొంగకు వేణువు, ఎద్దుకు డోలు, ఉడుతకు కిన్నెర. ముప్పై నిమిషాలు వినిపించాక పిల్లల చేతికే చిడతలు, కంజిర ఇచ్చి కథలో వారికీ ఒక పాత్ర ఉంచాలి. పుస్తకంలో స్వరాలు చదవడం ఆ తర్వాతి సంగతి. ముందు నోరు, చెయ్యి, చెవి ఒకటి కావాలి.

ఒక జాగ్రత్త ఉంది. పెళ్లి పందిట్లో డీజే పెట్టెల ముందు గంటల తరబడి గంతులేసే పిల్లల చెవులు దెబ్బతినే ప్రమాదం నిజమైనదే. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నటి కణాలు ఒకసారి పోతే తిరిగి రావు. డప్పు దగ్గర కూడా మొదటి వరుసను నాలుగడుగులు వెనక్కి జరిపాం.

ఆ జరిపిన వరుసలో ఒక అమ్మాయి మాత్రం ముందుకొచ్చింది. తనకు చిన్నప్పటి నుంచీ సరిగ్గా వినిపించదని టీచర్ చెప్పారు. మా దగ్గర బెలూన్లు ఉన్నాయి. ఒకటి ఊది తన రెండు అరచేతుల మధ్య పెట్టాం. గాలిలోంచి వచ్చిన కంపనం బెలూను పొర మీద తెలుస్తుంది. స్కాట్లాండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెన్నీ పన్నెండేళ్లకే వినికిడి దాదాపు కోల్పోయినా, వేదిక మీద చెప్పులు లేకుండా నిలబడి, నేల అదురును పాదాలతో పట్టి డోళ్లు వాయించి ప్రపంచ ప్రసిద్ధి పొందారు. మా బడిలో పిల్లలందరూ ఎలాగూ వట్టి కాళ్లతోనే నేల మీద కూర్చున్నారు. పెద్దాయన సిర్ర ఎత్తి, ఆ అమ్మాయి వైపు చూసి, మెల్లగా మూడు దెబ్బలు వేశారు. నాలుగో దెబ్బ పడకముందే ఆమె తల ఊగింది.