నోట్సా, బొమ్మా, వార్డా: నర్సింగ్ చదువులో పాత తగువు

శ్రీకాకుళంలో నర్సింగ్ పాఠాలు చెప్పేవాళ్లం నలుగురం కలిస్తే ఈమధ్య ఒకటే మాట. నోట్స్ చెప్పి రాయించాలా, స్కిల్ ల్యాబ్‌లో మనిషి బొమ్మ మీద చేయించి నేర్పాలా, పిల్లల్ని నేరుగా వార్డులోకే దింపాలా అని. ఈ తగువు మనతో మొదలైంది కాదు.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ స్కూలు పెట్టినప్పుడు వార్డే బడి. ఆ దారిలోనే చాలా దేశాల్లో స్కూళ్లు వచ్చాయి, కానీ నేర్చుకోవడానికొచ్చిన అమ్మాయి చేత డ్యూటీ చేయించుకోవడం ఆసుపత్రులకు అలవాటైపోయింది, పాఠమేమో తీరిక దొరికితేనే. 1923లో అమెరికాలో నర్సింగ్ చదువు మీద వచ్చిన గోల్డ్‌మార్క్ నివేదిక ఈ తప్పునే ఎత్తిచూపింది. మన దగ్గర 1946లో ఢిల్లీ, వెల్లూరుల్లో బీఎస్సీ నర్సింగ్ వచ్చింది, మరుసటి ఏడు నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. క్లాసురూముకి విలువ పెరిగింది, మంచిదే, కాకపోతే దాని వెంటే నోట్స్ బట్టీ కొట్టడమూ పెరిగిందని నేనంటాను.

బొమ్మ కూడా పాతదే. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి స్కూల్లో 1911లోనే 'మిసెస్ ఛేజ్' అనే మనిషంత బొమ్మ ఉండేది. మన బీఎస్సీ సిలబస్‌ని 2021లో సెమిస్టర్ల కింద మార్చినప్పుడు సిమ్యులేషన్‌కి, అంటే ఇలా బొమ్మల మీద నిజంలా చేయించి నేర్పడానికి, గట్టి చోటిచ్చారు.

మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ కదా, డయాలసిస్ పేషెంట్లు ప్రతి బ్యాచ్‌కీ తగులుతారు. ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ధమనిని సిరకి కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదని పరీక్షలో చక్కగా రాసిన అమ్మాయే ఓసారి వార్డులో సరిగ్గా ఆ చేతికే కట్టబోయింది. "అమ్మా, ఆ చెయ్యి కాదు, ఇటుపక్కది" అని పేషెంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పిల్లకి కళ్లనీళ్లు తిరిగాయి. నేను తిట్టలేదు, పెద్దావిడని అడిగి ఫిస్టులా మీద పిల్ల వేళ్లు ఆనించాను. లోపల రక్తం జుమ్మని పారడం వేళ్లకి తెలుస్తుంది, మా ల్యాబ్‌లో బొమ్మ చేతికి అది లేదు.

అలాగని బొమ్మ వద్దనను. క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం, మొదటిసారి గుచ్చడం మనిషి మీద కాకూడదు, పది తప్పులూ బొమ్మ మీదే అయిపోవాలి. నాకు బాధ వేరే. ల్యాబ్ అయినా వార్డు అయినా, అయ్యాక కూర్చోబెట్టి ఏం చేశావు, ఎందుకు చేశావు అని అడిగే ఆ పావుగంటే అసలు పాఠం. బస్సు టైమైందనో లాగ్ బుక్ సంతకాలున్నాయనో మేం ముందుగా కోసేస్తున్నది దాన్నే.