ప్లూటో కన్నా ముందు సెరిస్

2006కు ముందు చదువుకున్నవాళ్లకి గ్రహాలు తొమ్మిది, ఆ తర్వాతివాళ్లకి ఎనిమిది. ప్లూటోకి అన్యాయం జరిగిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. ఆ వాదన విన్నప్పుడల్లా నాకు సెరిస్ గుర్తొస్తుంది. గ్రహం హోదా పోగొట్టుకున్నది ప్లూటో ఒక్కటే కాదు మరి.

1801 జనవరి 1 రాత్రి సిసిలీలోని పలెర్మోలో జుసెప్పే పియాజ్జి నక్షత్రాల పట్టిక తయారుచేస్తూ ఒక మసక చుక్కను నమోదు చేసుకున్నాడు. మర్నాడు చూస్తే అది కాస్త జరిగింది. కుజుడికీ గురుడికీ మధ్య కొత్త గ్రహం దొరికిందన్నారు. అదే సెరిస్. మరుసటి ఏడాది ఆ దగ్గర్లోనే పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా కనబడ్డాయి. వాటినీ గ్రహాల్లోనే కలిపారు. 1845 నుంచి ఇలాంటివి ఒకదాని వెనక ఒకటి బయటపడుతూ ఉండటంతో లెక్క చేయిదాటిపోయింది. చివరికి అన్నిటినీ గ్రహశకలాలని వేరే వరసలో కూర్చోబెట్టారు. ఓటింగు లేదు, పెద్ద గొడవా లేదు.

ప్లూటో కథ కూడా ఒక చుక్క జరగడంతోనే మొదలైంది. అమెరికాలో అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో క్లైడ్ టాంబా చేసిన పని వింటేనే కళ్లు నొప్పి పుడతాయి. ఆకాశంలో ఒకే ముక్కను కొన్ని రోజుల తేడాతో రెండు గాజు పలకల మీద ఫొటో తీయాలి. రెండింటినీ ఒక యంత్రంలో పెట్టి, ఇదొకసారి అదొకసారి టకటకా మార్చుతూ చూడాలి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. కదిలేది ఏదైనా ఉంటే అటూ ఇటూ గెంతుతుంది. ఒక్కో పలకలో లక్షల చుక్కలు! 1930 జనవరి 23, 29 తేదీల్లో తీసిన పలకలు చూస్తుండగా ఫిబ్రవరి 18న ఒక చుక్క గెంతింది. అప్పటికి అతనికి 24 ఏళ్లు.

వెతికింది పెద్ద గ్రహం కోసం. దొరికింది మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ లెక్కల్లో చిక్కిపోతూ వచ్చింది. 1978లో దాని ఉపగ్రహం కేరన్ కనబడ్డాక ద్రవ్యరాశి సరిగ్గా తేలింది. భూమిలో 0.2 శాతమే! వ్యాసం 2,377 కిలోమీటర్లు. మన చందమామదే 3,474. 1992 నుంచి నెప్ట్యూన్ అవతల కైపర్ బెల్ట్ అనే మంచు వస్తువుల పట్టీలో ప్లూటో చుట్టాలు ఒక్కొక్కటే బయటపడసాగాయి. 2005లో వచ్చిన ఎరిస్ అయితే ప్లూటో కన్నా సుమారు 27 శాతం బరువైనది. ఇక దాన్ని చేర్చుకోవాలి, లేదా దీన్ని తీసేయాలి.

2006 ఆగస్టులో ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ముందుకొచ్చిన మొదటి ముసాయిదా చేర్చుకుందామనే చెప్పింది. సెరిస్, కేరన్, ఎరిస్‌తో కలిపి 12 గ్రహాలు. అది నెగ్గలేదు. 24న ఓటింగులో నెగ్గినదాని ప్రకారం గ్రహం సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వాకర్షణతో గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య చుట్టుపక్కల ఊడ్చేసి ఉండాలి. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే మరుగుజ్జు గ్రహం.

ఆ ‘ఊడ్చేయడం’ అన్న మాట దగ్గరే పేచీ అంతా. గురుడి కక్ష్యలోనే వేల గ్రహశకలాలున్నాయి కదా, గురుడు మాత్రం ఏం ఊడ్చాడని అడుగుతారు. మాట సరిగ్గా కుదరలేదన్నది నిజమే, కానీ అందులోని విషయం గట్టిదే అని నాకనిపిస్తుంది. ఆ శకలాలు అక్కడున్నది గురుడి గురుత్వాకర్షణ పట్టులోనే. ప్లూటో సంగతి తిరగబడింది. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేలోగా అది సరిగ్గా రెండు తిరుగుతుంది, ఆ లెక్క తప్పకుండా పట్టి ఉంచేది నెప్ట్యూనే. గ్రహం అన్న మాటకి మన దగ్గర పట్టుకునేది అనే అర్థం ఉండనే ఉంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారన్నదే ఇక్కడ తేల్చాల్సింది.

గ్రహాల నేల గురించి పరిశోధించేవాళ్లు దీనికి ఒప్పుకోరు. చుట్టుపక్కల ఏముంటే ఏం, ఆ వస్తువు ఎలాంటిదో చూడండి అంటారు. 2015 జూలై 14న న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో పక్కనుంచి వెళ్తూ తీసిన ఫొటోలు చూస్తే వాళ్ల బాధ అర్థమవుతుంది. నెమ్మదిగా కదిలే నైట్రోజన్ మంచు మైదానం, దాని అంచున నీటిమంచు పర్వతాలు. చచ్చిన రాయి కాదది. కాకపోతే ఈ దారిన వెళ్తే బుధుడి కన్నా పెద్దదైన గురుడి ఉపగ్రహం గానిమీడ్‌నీ, మన చందమామనీ కూడా గ్రహాలనాలి. కొందరు సంతోషంగా అంటారు కూడా.

ఇక 2006 నిర్వచనం సూర్యుడి దాకే. వేరే నక్షత్రాల చుట్టూ ఇప్పటికే 5 వేలకు పైగా గ్రహాలు దొరికాయి, వాటికది వర్తించదు. ఉపగ్రహం అంటే ఏమిటో అయితే ఆ ఓటింగులో తేల్చనే లేదు. కేరన్‌నే చూడండి, దాని వ్యాసం ప్లూటోలో సగం ఉంటుంది. రెండూ కలిసి తిరిగే కేంద్రం ప్లూటో లోపల కాదు, బయట ఖాళీలో ఉంది. ఎప్పుడూ ఒకదానికొకటి ఒకే ముఖం చూపిస్తాయి. ప్లూటో మీద ఆ వైపున నిలబడితే కేరన్ ఉదయించదు, అస్తమించదు. ఆకాశంలో ఒకేచోట నిలబడి ఉంటుంది.