నెత్తిన లైటుంటే చాలదు: రాత్రి కయాక్ వేటపై అపోహలు - వాస్తవాలు

వేసవి వస్తే గండికోట, అవుకు, శ్రీశైలం బ్యాక్ వాటర్ వైపు రాత్రిపూట గాలాలు పట్టుకుని వెళ్లేవాళ్లు పెరుగుతారు. పగటి ఎండలో నీళ్ల మీద కూర్చోవడం మన సీమలో ఎవరి తరమూ కాదు. పైగా వాలుగ, జెల్ల లాంటివి రాత్రే బాగా ఎరకు వస్తాయి. కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నేర్పడం నా పని కాబట్టి, నా దగ్గరికి వచ్చేవాళ్లను నీళ్లలోకి దిగకముందే ఆపి లైటు ఏదని అడుగుతాను. దాదాపు అందరి చెయ్యీ నుదుటి మీదికే పోతుంది. "ఇదో, ఉండాది గదన్నా!"

అపోహ: హెడ్‌లైటు పెట్టుకున్నాం, ఇంకేం కావాలి?

ఇంకో లైటు కావాలి. ప్రాణం మీదికి తెచ్చేది ఈ అపోహే కాబట్టి మిగతావాటికన్నా దీని గురించే ఎక్కువ చెప్తాను. హెడ్‌లైటు మీరు చూడటానికి. మీరు ఇతరులకు కనబడటానికి వేరే లైటు ఉండాలి. వెనకటికి ఎద్దులబండి కింద లాంతరు వేలాడదీసేవాళ్లు. అది ఎద్దులకు దారి చూపడానికి కాదు, వెనక వచ్చే లారీకి ముందు బండి ఉందని తెలియడానికి.

నమ్మనివాళ్లకు ఒడ్డునే చూపిస్తాను. ఒకరిని కయాక్‌లో కాస్త దూరం పంపి, గాలానికి ఎర గుచ్చమంటాను. తల వంచగానే వెలుగంతా ఒళ్లో పడుతుంది. ఒడ్డున నిలబడ్డవాళ్లకు మసగ్గా ఒక మోకాలు, ఎర డబ్బా మూత కనిపిస్తాయి, అంతే. ఆ మనిషి అటు తిరిగితే అదీ ఉండదు. వేటకు పోయినవాడు ఎక్కువసేపు ఉండేది ఆ రెండు తీర్లలోనే కదా, తల వంచుకునో, అటు తిరిగో.

ఇప్పుడు ఇంజన్ బోటు నడిపేవాడి వైపు నుంచి చూడండి. కయాక్ నీటిని అంటుకుని ఉంటుంది, అందులో కూర్చున్న మనిషి తల నీటికి మూడడుగుల ఎత్తు కూడా దాటదు. బోటు వేగం పెంచితే దాని ముందుభాగం పైకి లేచి ఎదురుగా ఉన్న నీళ్లనే కప్పేస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే 100 మీటర్లు దాటడానికి 18 సెకన్లు.

నా దగ్గర నేర్చుకున్న ప్రొద్దుటూరు కుర్రాడికి జరిగింది చెప్తాను. తెల్లవారుజామున వల ఎత్తడానికి పోతున్న ఇంజన్ బోటు అతని పక్కనుంచి తెడ్డంత దూరంలో దూసుకుపోయింది. అలకు కయాక్ ఊగి ఎర డబ్బా నీళ్లపాలైంది. మనిషి పడలేదు, అదృష్టం. బోటాయన ఒడ్డుకొచ్చాక కూడా వణుకుతూనే ఉన్నాడు. "నాకు అగుపడితే గదా సామీ, నేను తిప్పేది" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కుర్రాడి నుదుటి మీద లైటు వెలుగుతూనే ఉంది, కానీ తల వంచుకుని చేప నోట్లోంచి గాలం తీస్తున్నాడు.

కావాల్సింది చుట్టూ 360 డిగ్రీలూ కనిపించే తెల్ల లైటు. సీటు వెనక ఒక పైపు బిగించి, కూర్చున్నప్పుడు మీ తలకన్నా జానెడు ఎత్తులో ఉండేలా పెట్టండి. ముందువైపు పెడితే వెనకనుంచి వచ్చేవాడికి మీ ఒళ్లే అడ్డం, పైగా ఆ వెలుగు మీ కళ్లలోనే కొడుతుంది. 1972 నాటి అంతర్జాతీయ సముద్రయాన నిబంధనల్లో, తెడ్లతో నడిపే పడవకు వేరే లైట్లు లేకపోతే తెల్ల టార్చో లాంతరో చేతికందేలా ఉంచుకుని, ఢీకొనే ప్రమాదం రాకముందే చూపించాలని ఉంది. కొందరు దీన్ని పట్టుకుని "టార్చి చాలన్నారు" అంటారు. అది కనీసం మాత్రమే. చేప లాగుతున్నప్పుడు టార్చి ఎక్కడుందో వెతుక్కునేలోపు ఆ 18 సెకన్లు అయిపోతాయి.

హెడ్‌లైటు వద్దని నేననడం లేదు. గండికోట నీళ్ల కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి మునిగిన ఊళ్లున్నాయి. నీటిమట్టం తగ్గితే గోడలు, ఎండిన చెట్ల కొమ్మలు తగులుతాయి, వాటిని చూసుకోవడానికి అది ఉండాల్సిందే. కాకపోతే పుట్టిలో ఎదురొచ్చే ఆయన మొహాన కొట్టకండి. చీకటికి అలవాటుపడిన చూపు ఒక్కసారి చెదిరితే, పూర్తిగా కుదుటపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టొచ్చు.

అపోహ: లైటు వేస్తే చేపలు పారిపోతాయి.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దీన్ని నమ్మి లైటు ఆర్పేసి కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెలుతురుకు చాలా రకాల చేపలు దగ్గరికి వస్తాయి. అందుకే సముద్రంలో ఎల్ఈడీ లైట్లతో చేపలను పోగేసి పట్టడాన్ని కేంద్ర ప్రభుత్వం 2017లో నిషేధించింది. తల మీద కదలకుండా వెలిగే చిన్న లైటు మీ వేటను పాడుచేయదు. టార్చి ఉన్నట్టుండి నీళ్లలోకి కొట్టడం, తెడ్డు కయాక్‌కు దబదబా తగలడం మానుకోండి, వాటికి బెదురుతాయి.

అపోహ: రేడియం స్టిక్కర్లు అంటించాం, చాలు.

స్టిక్కరు తనంతట తాను వెలగదు, దాని మీద వెలుగు పడితేనే మెరుస్తుంది. మన దగ్గర చేపల బోట్లలో చాలావాటికి ముందు లైటే ఉండదు. అయినా తెడ్డు రెండు చివర్లా అంటించండి. మిమ్మల్ని వెతకడానికి వచ్చేవాడి టార్చికి అది దొరుకుతుంది.

అపోహ: ఎర్ర లైటో, మిణుకుమిణుకుమనే లైటో అయితే ఇంకా మంచిది.

గాలం ముడి వేసుకోవడానికి మసక ఎర్ర లైటు మంచిదే, చీకటి చూపును తక్కువ చెడగొడుతుంది. సైకిల్ వెనక లైటు తెచ్చి కయాక్‌కు మాత్రం తగిలించొద్దు. పడవల లెక్కలో ఎరుపంటే ఎడమ పక్క, ఆకుపచ్చంటే కుడి పక్క. వట్టి ఎరుపు చూసినవాడు మీరు ఎటు పోతున్నారో తప్పుగా లెక్కేసుకుంటాడు. మిణుకుమనే లైటు ఎంత దూరంలో ఉందో అంచనా కట్టడం కష్టం. దాన్ని లైఫ్ జాకెట్ భుజానికి తగిలించుకుని, నీళ్లలో పడితేనే వెలిగించండి. కయాక్ మీది లైటు కయాక్‌తోనే కొట్టుకుపోతుంది, భుజం మీదిది మీతో ఉంటుంది.

అపోహ: లైటుకు మొసళ్లు వస్తాయి.

శ్రీశైలం బ్యాక్ వాటర్‌లో మొసళ్లున్న మాట నిజం. కానీ చీకట్లో కూర్చుంటే అవి మీకు కనబడవు, అంతే తేడా. టార్చి పడితే మొసలి కళ్లు ఎర్రగా మెరుస్తాయి, రాత్రుళ్లు వాటిని లెక్కపెట్టేది కూడా అలాగే. ఆ మెరుపు కనిపిస్తే అటు పోకండి. వాట్సాప్‌లో వచ్చే వీడియోలు చూసి లైటు ఆర్పకండి.

ఇక ఇళ్లలో ఉండేవాళ్లకు. "మావాడు రాత్రి గాలానికి పోతాడంట, పంపించమంటారా సార్?" అని తల్లులు ఫోన్ చేస్తుంటారు. అమ్మా, మీ టెన్షన్ న్యాయమైనదే. బయల్దేరేముందు వాణ్ని ఇవి అడగండి: అక్కడ రాత్రి దిగడానికి అనుమతి ఉందా, తెల్ల లైటు వెలిగించి చూశావా, ఇంకో జత బ్యాటరీలున్నాయా, లైఫ్ జాకెట్‌కు విజిల్ కట్టావా, ఒడ్డున ఎవరికి చెప్పి దిగుతున్నావు, ఎన్నింటికి వస్తావు. విసుక్కున్నా అడగండి. లైటు తడిసినా పనిచేస్తుందంటే పెట్టె మీద ఐపీఎక్స్7 అని ఉందేమో చూడండి, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని దాని అర్థం. అయినా అది తేలుతుందని కాదు, తాడు కట్టమనండి. వేసవి రాత్రుళ్లు ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. గాలి మొదలవగానే చేప పడుతున్నా సరే వదిలేసి ఒడ్డుకు రమ్మని గట్టిగా చెప్పండి.